మ్యాచింగ్ సెంటర్‌లో ఎక్స్ క్రోమోజోము

నా మనుమడు సందీప్‌కు చుక్కల మధ్య అంకె కనిపించలేదు. రైలింజను నడిపే ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కి, వాళ్ల వీధిలో లడ్డూలు కూడా పంచేశాక, కంటి డాక్టరు ఒక పుస్తకం తెరిచి ముందు పెట్టాడట. పేజీ నిండా రంగుల చుక్కలు. ఇందులో ఏ అంకె ఉందో చెప్పమంటే మావాడు ఎంతో మర్యాదగా "అంకె లేదు సార్, ముగ్గున్నది" అన్నాడట. డాక్టరు నవ్వి పేజీ తిప్పాడు. తర్వాతి పేజీలోనూ ముగ్గే. ఎరుపునూ ఆకుపచ్చనూ వేరు చేసి చూడలేని కళ్లు, పుట్టుకతో వచ్చినవి, మందు లేదు, భయపడాల్సిందీ లేదు, కానీ సిగ్నల్ చూసి బండి నడిపే పనికి మాత్రం కుదరదు అని రాసిచ్చారు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఈ సంగతి ఇంట్లో ఒక్కరికీ తెలియలేదంటే మీరు నమ్మాలి. చిన్నప్పుడు వాడు చెట్టు మొద్దుకు ఆకుపచ్చ, ఆకులకు మట్టిరంగు పూసి తెచ్చి చూపిస్తే "ఎండాకాలం చెట్టు కావచ్చు" అని మెచ్చుకున్నది నేనే.

నేనుండేది హనుమకొండలో. నా బిడ్డ మాధవిని వర్ధన్నపేటలో ఇచ్చాం. డాక్టరు కాగితం చేతికొచ్చిన వారంలోనే మాధవి, దాని అత్తగారు సుగుణమ్మ, సందీప్, ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. పైకి నన్ను చూడటానికని వచ్చారు గానీ, సంగతేమిటో టీ గ్లాసులు చేతికివ్వకముందే బయటపడింది.

"మా దిక్కు ఎవ్వలకు గిట్ల లేదు వదినా" అన్నది సుగుణమ్మ. "మా మామ తొంబై ఏండ్లదాక సూదిల దారం ఎక్కించిండు. మా ఇంట్ల కండ్లంటే కండ్లు."

"మీ దిక్కు నుంచి వచ్చిందని నేనన్నానా?"

"నేను మాత్రం అంటానా? ఊకె చెప్తాన."

మా వదిన ఊకె చెప్పేవన్నీ అట్లాగే ఉంటాయి. మాధవి ముఖం వాడిపోయింది. వీడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు కిటికీ తెరిచానని, దానివల్లే ఇట్లా అయిందని అది అప్పటికే తీర్మానించుకుని కూర్చుంది. నేను దేవుడిని నమ్మేదాన్నే కానీ, కిటికీ తెరిచినందుకు పుట్టబోయే బిడ్డ కళ్లలోంచి రెండు రంగులు పట్టుకుపోయేంత పంతం ఆయనకు ఉంటుందని మాత్రం నమ్మను.

వెళ్తూ వెళ్తూ సందీప్ ఒక పుస్తకం మా ఇంట్లో మరిచిపోయాడు. మరిచిపోయాడో, మరిచినట్టు చేశాడో. జన్యువుల గురించి, డీఎన్‌ఏ గురించి, నాలాంటి మామూలు వాళ్లకు అర్థమయ్యేటట్టు తెలుగులో రాసిన పుస్తకం. నేను బడి ముఖం చూడని మనిషినే అయినా అచ్చులో ఉన్నది ఏదైనా సరే చదవకుండా ఉండలేను. పొద్దున పారాయణం అయ్యాక అదే పీట మీద, అదే దీపం ముందు, రోజుకు పది పేజీలు చదివాను. చదివితే ఏమున్నది అందులో? అంతా దారమే! మన ఒంట్లో కంటికి కనిపించని ఒక్కొక్క కణంలోనూ మెలితిరిగిన దారం ఉంటుందట. ఆ దారం మీద నాలుగే నాలుగు అక్షరాలు అటూ ఇటూ మారి మారి, మనిషి ముక్కు ఎట్లా ఉండాలో, జుట్టు ఎట్లా ఉండాలో రాసి ఉంటుందట. ఆ దారం చుట్టలు చుట్టుకుని ఉంటే దాన్ని క్రోమోజోము అంటారు. ఆ మాటకు అర్థం రంగు పట్టే దేహమని. వెనకటి పండితులు రంగు వేసి చూస్తే అవి ఆ రంగు పీల్చుకుని కనిపించాయట, అందుకని ఆ పేరు పెట్టారట. దారమూ, రంగూ! దారాల దుకాణంలో పెరిగినదాన్ని, నాకు అంతకంటే ఏం కావాలి? ఇంత సన్నటి దారం ఎవరు వడికారో ఆ పుస్తకం రాసినాయన తెలియదన్నాడు. నేను తెలుసనుకుని దండం పెట్టాను. ఆయనకూ నాకూ పేచీ ఏమీ లేదు.

చిక్కంతా ఎక్స్ దగ్గర వచ్చింది. ఆడవాళ్లకు ఎక్స్ అనే క్రోమోజోములు రెండు, మగవాళ్లకు ఎక్స్ ఒకటి, వై ఒకటి. ఎరుపూ పచ్చా చూపించే జన్యువులు ఆ ఎక్స్ మీద ఉంటాయి. ఇది ఫోన్‌లో సుగుణమ్మ వదినకు చెప్పబోతే ఆమె ఆపింది.

"ఆగు వదినా. ఎక్స్ అంటే ఇంటు మార్కే గద? మా పిలగాండ్ల పరీక్ష కాగితాల మీద తప్పు పోతే పెడ్తరు, గదే గద?"

"అది కాదు వదినా..."

"ఏం కాదు? ఆడోళ్లకు రెండు ఇంట్లు, మొగోళ్లకు ఒక్కటి. ఆఖరికి ఒంట్ల సుత ఆడోళ్లకే రెండు తప్పులు ఏసి పంపిండా దేవుడు?"

నేను నవ్వి నవ్వి, ఊపిరి కూడదీసుకుని చెప్పాను. ఇంట్లు రెండు ఉండటమే ఆడదానికి మేలు, ఒకదాంట్లో లోపముంటే రెండోది ఆ పని చేసి పెడుతుంది, మగవాడికి ఉన్నది ఒక్కటే కాబట్టి అందులో లోపముంటే దాచుకోవడానికి జాగా లేదు అని. వదిన "ఇగ గట్ల చెప్పు, సమజైంది" అన్నది. ఆమెకు సమజైంది గానీ నాకు అక్కడినుంచే నిద్ర పట్టడం మానేసింది. ఎందుకంటే మగపిల్లవాడికి ఆ ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. సందీప్‌కు మాధవి ఇచ్చింది. మాధవికి నేనో, మా ఆయనో ఇచ్చి ఉండాలి. మా ఆయన కూరగాయల బజారులో పండు మిరపకాయల్లోంచి పచ్చివి ఏరి పక్కన పెట్టే మనిషి, ఆయన మీద అనుమానం లేదు. ఇక మిగిలింది నేను. నాకు రంగులన్నీ బాగానే కనిపిస్తాయి, అంటే నేను పైకి కనిపించకుండా మోసుకొచ్చినదాన్ని. పుస్తకం అటువంటి ఆడవాళ్లను వాహకురాలు అన్నది. దేవుళ్లకు గరుడుడు, నంది, నెమలి ఉన్నట్టు ఈ లోపానికి నేను వాహనమన్నమాట. మరి నా మీద ఎక్కించింది ఎవరు? అమ్మ నుంచి వచ్చిందనుకోవచ్చు. కానీ అమ్మ దాకా పోవాల్సిన అవసరం లేకపోయింది. ఉన్నట్టుండి మా నాన్న, మా బాపు గొంతు వినిపించింది. "బిడ్డా, జర గిది పట్టు."

మట్టెవాడలో మా బాపుది మ్యాచింగ్ సెంటర్. దారపు రీళ్లు, ఫాల్స్, లైనింగు బట్ట, గుండీలు, హుక్కులు, లంగా నాడాలు. ఆడవాళ్లు చీర కొంగో జాకెట్టు ముక్కో పట్టుకొస్తే దానికి సరిగ్గా కలిసే దారం తీసివ్వాలి. ముందు దుకాణం, వెనక ఇల్లు, నడుమ ఒక పూల కర్టెన్. కొత్త గుడ్డ గంజి వాసన, కలరా ఉండల వాసన, బాపు పొద్దున్నే దేవుడి పటాల ముందు వేసే సాంబ్రాణి పొగ, వీటన్నిటి మీదుగా అమ్మ వేసే పోపు దుకాణంలోకి వచ్చేది. "ఏం సేటూ, ఇయ్యాల పచ్చిపులుసా?" అని అడిగి మరీ ఫాల్స్ బేరం చేసేవాళ్లు. మా నాయనమ్మ కర్టెన్‌కు ఇవతల చాటలో బియ్యప్పిండి పరిచి నాకు అక్షరాలు దిద్దించేది. ఆమె కళ్లజోడుకు ఒక పక్క కమ్మీ విరిగితే అక్కడ దారం కట్టుకుంది. ఆ దారం తెగినప్పుడల్లా ఇంకో రంగుది. దుకాణంలో ఎవరైనా తమ కోడలి మాట ఎత్తారంటే నాయనమ్మ వేలు అక్షరం మీదే ఆగిపోయేది. అట్లా నేను చాలా రోజులు 'ఖ' దగ్గరే ఉండిపోయాను, ఆ ఏడాది వీధిలో కోడళ్ల గొడవలు ఎక్కువ.

అంకెలు మాత్రం బాపే నేర్పాడు. దారాల కంపెనీ వాళ్లు షేడ్ కార్డని ఇచ్చేవాళ్లు. అట్ట మీద వందల రంగుల దారాలు వరుసగా చుట్టి, ఒక్కోదాని కింద ఒక్కో నెంబరు. బాపుకు ఆ నెంబర్లన్నీ నోటికి వచ్చు. ఏ నెంబరు డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తీసేవాడు. ఇప్పుడనిపిస్తుంది, కళ్లు తెరిచి తీసినా ఒకటేనని. గిరాకీ గుడ్డ ఇచ్చేది. బాపు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసేవాడు, వెలుతురుకు పట్టేవాడు, తిప్పి మళ్లీ పట్టేవాడు, ఒక్కోసారి వాసన కూడా చూసేవాడు. అంత పరీక్ష చేశాక, ఏదో పనిలో పని అన్నట్టు కర్టెన్ వైపు చెయ్యి చాపి "బిడ్డా, జర గిది పట్టు. ఎంత?" అనేవాడు. నేను చూసి నెంబరు చెప్పేదాన్ని. "పిల్లకు అంకెలు నేర్పుతాన" అని గిరాకీతో గర్వంగా అనేవాడు. అది అబద్ధం కాదు చూడండి, నాకు నిజంగానే అంకెలు వచ్చాయి. కాకపోతే రెండు వందల పద్నాలుగు అంటే ఈనాటికీ నాకు చిలకపచ్చే, మూడు వందల ఏడు అంటే వంకాయరంగే. నా పెళ్లయిన కొత్తలో మా ఆయన బస్సు నెంబరు చెబితే "ఎంత మంచి రంగో" అన్నాను. ఆయన ఇంకా మరిచిపోలేదు.

ఒక ఏడాది నాకు అమ్మవారు పోసింది. వేపాకు మండల మధ్య చీకటి గదిలో పడుకోబెట్టారు, ఎవరూ లోపలికి రాకూడదు. రెండో రోజే బాపు గది గుమ్మంలో జాకెట్టు ముక్క పట్టుకుని నిలబడ్డాడు. "బిడ్డా, ఊకె చూసి చెప్పు, ఎంత?"

"ఓరి నీ పాడుగాను!" నాయనమ్మ అటక ఎగిరిపోయేటట్టు అరిచింది. "పిల్లకు తల్లి పోస్తే నీకు దారాల ఫికరా? పో ఆవలికి!"

పోయాడు. పోయి, ఆ మధ్యాహ్నమే ఒక దర్జీ భార్య ముదురెరుపు చీరకు ఆకుపచ్చ ఫాల్స్ ఇచ్చి పంపాడు. ఆమె సాయంత్రం తిరిగొచ్చి కౌంటర్ మీద పరిచింది. "ఏంది సేటూ గిది?" అంటే బాపు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "గిప్పుడు గిదే రివాజమ్మా. పట్నంల అందరు గిట్లనే కుట్టిస్తాండ్లు. నడుస్తాంటె జర కనవడాలె." ఆమె సంశయిస్తూనే కుట్టించుకుంది. వారం తిరగకుండా ఇద్దరు ఆడవాళ్లు అటువంటిదే కావాలని వచ్చారు. బాపుకు తానేం ఇచ్చాడో తెలిస్తే కదా మళ్లీ ఇవ్వడానికి! నాకు నయమై తలంటు పోసేదాకా వాళ్లను "మాల్ వస్తాంది, మాల్ వస్తాంది" అంటూ తిప్పుకున్నాడు.

మా దుకాణానికి వచ్చే గిరాకీల్లో ఒక టీచరమ్మ ఉండేది. ప్రతి జూన్‌లో బడి తెరిచే ముందు చీరలకు ఫాల్స్ కొనడానికి వచ్చి, నన్ను చూసి ఒకే మాట అనేది. "సేటూ, పిల్ల నోరు తెరిస్తే మూడంకెలు చెప్తాంది. బడికి పంపరాదూ?" బాపు కూడా ఒకే మాట చెప్పేవాడు. "పిల్ల సుకుమారం టీచరమ్మా. దుమ్ము పడది." ఆ సుకుమారం పిల్ల ఆ సమయానికి పెరటి గోడ మీద నిలబడి జామకాయలు దులుపుతూ ఉండేది. మా తమ్ముడు రమేశ్ టిఫిను డబ్బా ఊపుకుంటూ బడికి వెళ్లేవాడు, పద్యాలు నేర్చుకుని వచ్చేవాడు. నేను వాడి పుస్తకాలు వాడికంటే ముందే చదివేసి, వాడి హోంవర్కు కూడా రాసిపెట్టి, వాడి పేరుతో శభాష్‌లు తెచ్చుకున్నాను. నాకు దేవుడు అన్నీ ఇచ్చాడు. మంచి భర్తను, ఆరోగ్యాన్ని, చదవాలనే దాహాన్ని, ఇంట్లోనే నేర్పిన ఇద్దరు గురువులను. అయినా నన్ను బడికి ఎందుకు పంపలేదన్నది అరవై ఏళ్లుగా నా గొంతులో ఉండిపోయింది. ఆడపిల్లననా? మందమతిననా? ఒక్కరూ సూటిగా చెప్పలేదు.

నా పెళ్లయి నేను వెళ్లిపోయిన నెలకే బాపు షేడ్ కార్డును తిప్పి గిరాకీల వైపు పెట్టేశాడు. "మీ చీర, మీ ఇష్టం. మీకేది నచ్చితె గది మీరే సూసుకొని నెంబర్ చెప్పుండ్లి" అన్నాడట. గిరాకీని ఇంత గౌరవించే సేటు లేడని బజారంతా మెచ్చుకుంది. అప్పట్లో నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తే అది గుచ్చుకుంది. అట్ట తిప్పి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? అది నాకు ఆరేళ్లప్పుడే తిప్పి పెట్టి ఉంటే నేను బడికి పోయేదాన్ని కాదా?

బాపు పోయి పద్దెనిమిదేళ్లు. అడగడానికి అమ్మ ఉంది. తొంబైకి దగ్గర పడ్డది, దుకాణం మీది అంతస్తులో తమ్ముడి దగ్గర ఉంటుంది. పొద్దున సీరియళ్లు, మధ్యాహ్నం వాటి మీద విమర్శ. మొన్న ఆదివారం వెళ్లాను. కింద దుకాణంలో తమ్ముడికి విషయం చెబితే ముందు తన కళ్లు నులుముకున్నాడు. కొడుకులకు తండ్రి నుంచి ఎక్స్ రాదని, వాడికి బాపు దగ్గర నుంచి ఈ లోపం వచ్చే దారే లేదని చెబితే తేలికపడి, "అయితే అక్కా, బాపు నాకు దుకాణం ఇచ్చిండు, నీకు కండ్లిచ్చిండు" అని నవ్వాడు. నేను మెట్లెక్కి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మా, బాపుకు ఎరుపు, పచ్చ తెల్వకపోతుండెనా?"

"మెల్లగ!" అన్నది అమ్మ, గాబరాగా కింది వైపు చూస్తూ. "దుకాణంల గిరాకి ఉన్నది."

"అంటే నీకు తెలుసు."

"పెండ్లైన మూడో నాడే తెలిసింది. ఎర్ర చీర కట్టుకొని కూసున్న. 'పచ్చ చీరల మంచిగున్నవ్' అన్నడు. నేను చీర దిక్కు సూసుకున్న, ఆయన దిక్కు సూసిన. మంచిగున్నవ్ అన్నడు గద, ఇగ రంగుతోని ఏం పని?"

"మరి నాకెందుకు చెప్పలె?"

"చిన్న పోరివి. ఎవల ముంగటనో నోరు జారితె? మ్యాచింగ్ సేటుకే రంగులు కనవడయంటే దుకాణంకు ఎవలొస్తరు?"

నేను అడగాల్సింది అడిగేశాను. "నన్ను బడికి పంపకపోవుడు అందుకేనా?"

అమ్మ టీవీ గొంతు తగ్గించింది. అది ఆమె మామూలుగా చేసే పని కాదు.

"పంపలేదని ఎవలన్నరు? పంపిండు. మీ బాపే భుజాన ఎత్తుకొని తీస్కపోయిండు. రెండు దినాలు పోయినవ్. మూడో నాడు గడప పట్టుకొని ఒకటే ఏడుపు. 'నేను పోతె బాపుకు అంకె ఎవలు చెప్తరు' అని."

నాకు ఏమీ గుర్తు లేదు. నాయనమ్మ కళ్లజోడుకు కట్టిన దారాల రంగులన్నీ గుర్తున్నాయి, ఆ రెండు రోజులు మాత్రం లేవు. అమ్మ నా మనసు నిమరడానికి అల్లి చెప్తోందా అని ఆమె ముఖంలోకి చూశాను. అల్లే మనిషి అంత తీరిగ్గా వక్క నమలదు. అంటే ఆరేళ్లకే నాకు తెలుసన్నమాట. ఎవరూ చెప్పకుండానే బాపు కళ్లు నాకు తెలిసిపోయాయి, తెలిసి, ఆ తర్వాత మరిచిపోయాను. పుస్తకం ఎక్స్ ఎట్లా ప్రయాణం చేసిందో చెప్పగలిగింది గానీ, ఇది అందులో ఏ పేజీలోనూ లేదు. ఈ రోజుల్లో సందీప్ చొక్కా కొనాలంటే ఫోన్ దాని ముందు పెడతాడు, ఫోనే రంగు పేరు చెబుతుంది. ఉద్యోగం పోయిన నాడే స్నేహితులందరికీ మెసేజ్ పెట్టి, తన మీద తానే జోకులేసుకుని, ఇంకో పరీక్షకు చదువుతున్నాడు. వాడి చేతిలో ఫోన్ చేసే పనిని బాపు ఇంట్లో నేను చేశాను. బాపు బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేక మోసిన దాన్ని ఇప్పుడు పిల్లలు నవ్వుకుంటూ చెప్పుకుంటున్నారు. సంతోషమే. సుగుణమ్మ వదినకు కూడా నేనే ఫోన్ చేసి, ఇది మా పుట్టింటి నుంచే వచ్చిందని ఒప్పుకున్నాను. ఆమె పొంగిపోతుందనుకుంటే, "పోనీ తియ్యి వదినా, మంచి మనిషి దగ్గర్నుంచే గద వచ్చింది" అన్నది. మాధవి ఇప్పుడు గ్రహణం మాట ఎత్తడం లేదు.

కానీ ఆ ఆదివారం అమ్మ మంచం పక్కన అంత తొందరగా నేను చల్లబడలేదు.

"అమ్మా, ముక్కు కుట్టద్దని ఏడిస్తే విన్నరా?"

"వినలె."

"ఆముదం తాగనని ఏడిస్తే విన్నరా? కాకరకాయ తిననంటే విన్నరా? జడ గట్టిగ అల్లద్దంటే?"

"వినలె బిడ్డా."

"మరి బడికి పోనన్న ఏడుపు ఒక్కటి ఎందుకు విన్నరమ్మా?"

అమ్మ నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది. కాసేపు వేళ్లు నిమిరింది.

"గది మాకు అక్కరకొచ్చే ఏడుపు బిడ్డా. గందుకే ఇన్నం."

నేను కోప్పడదామనే చూశాను. ఆమె కళ్లు అప్పటికే నా వైపు భయం భయంగా చూస్తున్నాయి. ఇంత చిన్న నిజం నాతో చెప్పడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది, పాపం, ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయిందో. ఆమె చెయ్యి వదలకుండా సీరియల్ అయిపోయేదాకా కూర్చున్నాను, టీవీ గొంతు కూడా నేనే పెంచాను. దిగేటప్పుడు మెట్ల మలుపులో బాపు ఫొటో ముందు ఆగి, దండం పెట్టుకున్నాను.

"రెండు దినాలన్నా పంపినవ్ బాపూ" అన్నాను.